ఎమీల్ బోడో: వార్త వేగానికి కొలతగా మారిన పేరు

చదివే ముందు

మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే అడిగి చూడండి. టెలిగ్రాం వచ్చిందంటే గుండె ఎలా దడదడలాడేదో చెబుతారు. తంతి తెచ్చిన మనిషి సైకిలు దిగీ దిగకముందే ఇరుగుపొరుగు వాకిట్లో చేరేవారు. చదువు వచ్చినవారు కవరు చించి నాలుగు మాటలు చదివేదాకా ఎవరికీ ఊపిరి ఆడేది కాదు. ఆ సేవ మన దేశంలో 2013 జులైలో ఆగిపోయింది. తంతి పోయినా, తంతి రోజుల్లో పుట్టిన ఒక కొలత మాత్రం మిగిలింది.

పాలను లీటర్లలో కొలుస్తాం. బియ్యాన్ని కిలోల్లో తూస్తాం. పొలాన్ని ఎకరాల్లో, సెంట్లలో చెప్పుకుంటాం. మరి ఒక వార్త తీగ మీద ఎంత వేగంగా పోతున్నదో దేనితో కొలవాలి? మాటల్లోనా, అక్షరాల్లోనా, ఇంకా చిన్న ముక్కల్లోనా? ఈ ప్రశ్న అడగవలసి రావడానికి ముఖ్య కారకుడైన మనిషి జీవితం ఈ పాఠంలో చదువుతారు. చదువుతూనే కొన్ని లెక్కలు కూడా చేస్తారు. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. గుణకారం, భాగహారం వస్తే చాలు.

పొలం నుంచి తంతి కార్యాలయానికి

ఎమీల్ బోడో 1845 సెప్టెంబరు 11న ఫ్రాన్సు దేశంలో మాన్యో అనే చిన్న పల్లెలో పుట్టాడు. తండ్రి రైతు. బోడో చదువు ఊరి ప్రాథమిక పాఠశాలతోనే ఆగిపోయింది. ఆ తరువాత తండ్రితో కలిసి పొలం పనులు చేశాడు. పెద్ద బడి, కళాశాల ఆయన జీవితంలో లేవు. మీలో చాలామంది బడి మధ్యలో మానేసి మళ్ళీ పుస్తకం పట్టినవారే కాబట్టి ఈ సంగతి ముందుగా చెబుతున్నాను.

ఇరవై నాలుగో ఏట, 1869లో, ఆయన ఫ్రెంచి తపాలా తంతి శాఖలో శిక్షణ పొందే ఉద్యోగిగా చేరాడు. అక్కడ మోర్స్ పద్ధతి నేర్పారు. ఆ తరువాత హ్యూస్ అనే శాస్త్రజ్ఞుడు తయారు చేసిన అచ్చు యంత్రం మీద నాలుగు నెలల శిక్షణ ఇచ్చారు. 1870లో ఫ్రాన్సుకు, ప్రష్యాకు యుద్ధం వచ్చినప్పుడు కొద్దికాలం సైన్యంలో పనిచేసి, మళ్ళీ తంతి శాఖకు తిరిగి వచ్చాడు.

తంతి శాఖలో చేరిన కొద్దికాలానికే ఆయన ఆరోగ్యం దెబ్బతిన్నది. ఒంట్లో బాగుండక పనికి రాలేని రోజులు తరచు ఉండేవి. ఒకసారి నెల రోజుల దాకా సెలవులో ఉండవలసి వచ్చింది. అలాంటి మనిషి పగలు ఉద్యోగం చేసి, మిగిలిన సమయంలో తన సొంత పరిశోధన సాగించాడు. ఆ పరిశోధనకు శాఖ జీతం ఇవ్వలేదు. సామాగ్రి ఖర్చు కూడా ఆయనదే.

ఖాళీగా ఉండే తీగ

ఆయన తల బద్దలు కొట్టుకున్న సమస్య ఏమిటో ఇప్పుడు చూద్దాం. ఇది అర్థమైతే మిగతా పాఠమంతా తేలికగా సాగుతుంది.

ఒక నగరం నుంచి మరో నగరానికి తీగ వేయాలంటే వందల కిలోమీటర్ల పొడవున స్తంభాలు పాతాలి, తీగ కొనాలి, దానిని కాపలా కాయాలి. ఖర్చంతా అక్కడే. ఇంత ఖర్చు పెట్టి వేసిన తీగ మీద ఒక్క మనిషి కూర్చుని మోర్స్ మీట టకటక కొడుతూ ఉండేవాడు. మనిషి చేతి వేగానికి ఒక హద్దు ఉంది. తీగ మోయగలిగిన వేగం అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. అంటే తీగ చాలాసేపు ఊరికే ఉండేది. పన్నెండు ఎద్దులు లాగగల బండిలో ఒక్క గంప పెట్టి తోలినట్టు.

మోర్స్ పద్ధతిలో ప్రతి అక్షరానికి చుక్కలు, గీతలు ఉంటాయి. చుక్క ఎంతసేపు ఉంటుందో దానిని ఒక పాలు అనుకోండి. గీత మూడు పాళ్ళు ఉంటుంది. అక్షరంలోని చుక్కల మధ్య, గీతల మధ్య ఒక పాలు ఖాళీ, అక్షరానికి అక్షరానికి మధ్య మూడు పాళ్ళు, మాటకు మాటకు మధ్య ఏడు పాళ్ళు ఖాళీ వదలాలి. పారిస్ నగరం పేరును రోమన్ అక్షరాల్లో రాసి, చివరి ఖాళీతో కలిపి లెక్కపెడితే సరిగ్గా 50 పాళ్ళు వస్తాయి. అందుకే మోర్స్ వేగం కొలిచేవారు ఆ పేరునే నమూనా మాటగా పెట్టుకున్నారు.

ఇప్పుడు మొదటి లెక్క. బాగా చేయి తిరిగిన ఒక ఉద్యోగి నిమిషానికి 24 మాటలు పంపుతున్నాడు. ఒక్కొక్క మాటకు 50 పాళ్ళు. నిమిషానికి 24 ను 50 తో హెచ్చిస్తే 1,200 పాళ్ళు. నిమిషంలో 60 సెకన్లు ఉన్నాయి కాబట్టి 1,200 ను 60 తో భాగించాలి. సెకనుకు 20 పాళ్ళు వచ్చాయి. ఈ 20 ని గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరకు వస్తాం.

మోర్స్‌తో ఇంకో చిక్కు ఉంది. అందులో అక్షరాలన్నీ ఒకే పొడవు కావు. కొన్నింటికి ఒక్క చుక్క చాలు, కొన్నింటికి నాలుగు గీతలూ చుక్కలూ కావాలి. ఒకే తీగను నలుగురికి వంతులవారీగా ఇద్దామంటే ఎవరి అక్షరం ఎప్పుడు ముగుస్తుందో తెలియదు. వంతు పంచడం కష్టం. ఒకే పొలానికి నలుగురు రైతులు కాలువ నీళ్ళు పంచుకునేటప్పుడు ఒక్కొక్కరికి ఇన్ని గంటలని గడియారం చూసి కడతారు కదా! ఎవరి మడి నిండేదాకా వాళ్ళు పెట్టుకుంటే చివరి రైతుకు నీళ్ళు అందవు. తీగ సంగతీ అంతే.

ఐదు మీటలు

బోడోకు ముందే కొందరు ఈ దారిలో కొంత నడిచారు. మేయర్ అనే ఫ్రెంచి ఉద్యోగి 1870ల తొలి సంవత్సరాల్లో తీగను వంతులుగా పంచే యంత్రాన్ని చేశాడు. హ్యూస్ యంత్రం వచ్చిన వార్తను నేరుగా కాగితం మీద అచ్చువేసేది. జర్మనీ శాస్త్రజ్ఞులు గౌస్, వెబర్ ఒక్కొక్క అక్షరాన్ని ఐదేసి సంకేతాలతో చూపించే పద్ధతిని అంతకు చాలా ముందే ఆలోచించారు. ఈ మూడింటినీ ఒక్కచోట చేర్చి, తన ఆలోచనలు కలిపి, పనిచేసే యంత్రంగా నిలబెట్టినది బోడో. 1874 జూన్ 17న ఆయన తన పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు.

ఆ యంత్రం ముందు కూర్చున్నట్టు ఊహించుకోండి. మీ ఎదుట హార్మోనియం మెట్లవంటి ఐదు మీటలు ఉన్నాయి. కుడిచేతి వేళ్ళకు మూడు, ఎడమచేతి వేళ్ళకు రెండు. ప్రతి మీటకూ రెండే స్థితులు: నొక్కి ఉండటం, నొక్కకపోవడం. ఒక మీటతో రెండు రకాలు. రెండు మీటలతో నాలుగు. మూడింటితో ఎనిమిది. నాలుగింటితో పదహారు. ఐదింటితో ముప్పై రెండు. ఏ మీటా నొక్కని స్థితిని తీసేస్తే 31 గుర్తులు మిగులుతాయి. ఫ్రెంచి భాష రాయడానికి వాడే 26 అక్షరాలకు అవి చాలు. అంకెలకు, విరామ చిహ్నాలకు ఏమి చేయాలి? ఇక మీదట వచ్చేవి అంకెలు అని చెప్పే ఒక గుర్తు, మళ్ళీ అక్షరాలు మొదలని చెప్పే ఇంకొక గుర్తు పెట్టారు. దానితో అవే మీటలు రెండు పనులు చేశాయి. ఎక్కువగా వచ్చే అచ్చులను కుడిచేతి మూడు మీటలతోనే కొట్టే వీలు కల్పించాడు. రోజుకు ఎన్నో గంటలు వేళ్ళు ఆడించవలసిన మనిషి కష్టం తెలిసినవాడు చేసిన ఏర్పాటు అది.

మన తెలుగుకు ఈ ఐదు మీటలు సరిపోవని మీరు ఈపాటికి గ్రహించే ఉంటారు. యాభై ఆరు అక్షరాలు, వాటికి గుణింతాలు, ఒత్తులు. అందుకే మన ఊళ్ళకు వచ్చిన తంతులలో తెలుగు మాటలు రాయవలసి వస్తే ఇంగ్లీషు అక్షరాలలో రాసేవారు.

ఇప్పుడు అసలు కిటుకు చూడండి. ప్రతి అక్షరానికీ ఐదే పాళ్ళు. ఎక్కువా లేదు, తక్కువా లేదు. అక్షరాలన్నీ ఒకే పొడవు అయ్యాయి కాబట్టి తీగను వంతులుగా పంచడం కుదిరింది. యంత్రంలో గుండ్రని పళ్ళెం మీద ఒక కుంచె తిరుగుతూ ఉంటుంది. అది మొదటి ఉద్యోగి ఐదు మీటలను వరుసగా తాకి, తరువాత రెండో ఉద్యోగి మీటలను, ఆపైన మూడో, నాలుగో ఉద్యోగుల మీటలను తాకుతుంది. మళ్ళీ మొదటికి వస్తుంది. అవతలి నగరంలోనూ అలాంటి కుంచె అదే వేగంతో తిరుగుతూ ఉంటుంది. రెండు కుంచెలూ అడుగు తప్పకుండా తిరగడానికి పళ్ళెం మీద కొన్ని గడులను విడిగా ఉంచారు.

కుంచె నిమిషానికి 180 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకు మూడు సార్లు. మీ వంతు వచ్చేముందు యంత్రం టక్కుమని చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడుకు మీ వేళ్ళు తరువాతి అక్షరానికి సిద్ధంగా ఉండాలి. సెకనులో మూడో వంతుకు ఒక అక్షరం! తొందరపడి ముందు కొట్టినా లాభం లేదు, ఆలస్యం చేస్తే వంతు పోతుంది. తబలా తాళానికి అడుగు వేసినట్టే. ఈ తాళం చేతికి పట్టడానికి ఉద్యోగులకు మంచి సాధన కావలసి వచ్చేది.

రెండో లెక్క

నిమిషానికి 180 అక్షరాలు పోతున్నాయి. తంతి లెక్కలో ఒక మాటకు సగటున ఐదు అక్షరాలు, ఒక ఖాళీ, మొత్తం ఆరు. 180 ని 6 తో భాగిస్తే నిమిషానికి 30 మాటలు. ఇది ఒక్క ఉద్యోగి వేగం.

దీనిని సెకనుకు పాళ్ళలోకి మార్చండి. సెకనుకు 3 అక్షరాలు, అక్షరానికి 5 పాళ్ళు, కాబట్టి సెకనుకు 15 పాళ్ళు. ఇందాక గుర్తుపెట్టుకున్న సంఖ్యను తెచ్చి పక్కన పెట్టండి. మోర్స్ ఉద్యోగి సెకనుకు 20 పాళ్ళు వాడుకొని 24 మాటలు పంపాడు. బోడో ఉద్యోగి 15 పాళ్ళతోనే 30 మాటలు పంపాడు. తీగను తక్కువ వాడి పని ఎక్కువ చేశాడన్నమాట. నలుగురు కూర్చుంటే, అడుగు కలపడానికి విడిచిన గడులను పక్కన పెట్టి, సెకనుకు 60 పాళ్ళు, నిమిషానికి 120 మాటలు.

ఇది ఒక అధికారి ముందుకు ఏ రూపంలో వస్తుందో చూడండి. రెండు నగరాల మధ్య రోజుకు 36,000 మాటలు పోవాలి. కార్యాలయం పది గంటలు తెరిచి ఉంటుంది. పది గంటలంటే 600 నిమిషాలు. 36,000 ను 600 తో భాగిస్తే నిమిషానికి 60 మాటలు. మోర్స్ మీద ఒక తీగ 24 మాటలే ఇస్తుంది. 60 ని 24 తో భాగిస్తే రెండున్నర. సగం తీగ వేయలేం కనుక మూడు తీగలు కావాలి. బోడో యంత్రంతో ఒక్క తీగ చాలు, అందులోనూ సగం ఖాళీగా మిగులుతుంది. ఆ మిగులు వృథా అనుకోవద్దు. తంతులు రోజంతా ఒకే వరసన రావు. మార్కెట్టు తెరిచే వేళకు ఒక్కసారిగా వచ్చి పడతాయి. సగటు లెక్క మాత్రమే చూసి తీగ వేసినవాడు ఆ వేళ చిక్కుల్లో పడతాడు.

మెడల్ అమ్ముకున్న ఏడాది

1875లో ఫ్రెంచి తంతి శాఖ ఆయన పద్ధతిని అంగీకరించింది. 1877 నవంబరులో పారిస్, బోర్డో నగరాల మధ్య తీగ మీద పరీక్షించారు. ఆ ఏడాది చివరికి పారిస్ నుంచి రోమ్ దాకా, సుమారు 1,700 కిలోమీటర్ల దూరాన, బోడో యంత్రం పనిచేయడం మొదలుపెట్టింది. 1878లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో దానికి బంగారు పతకం వచ్చింది. మరుసటి ఏడాది ఫ్రెంచి ప్రభుత్వం బిరుదు ఇచ్చి గౌరవించింది.

పేరు వచ్చింది గాని డబ్బు రాలేదు. పరిశోధన ఖర్చు ఆయన జేబు మీదే పడుతూ వచ్చింది. 1880లో ఆ బంగారు పతకాన్ని అమ్ముకొని పని సాగించాడు. పొలం బాగు కోసం ఇంట్లో నగ కుదువపెట్టిన రైతు కుటుంబాలవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. అదే సంవత్సరం ఆయనను కంట్రోలరుగా, 1882లో ఇన్‌స్పెక్టర్ ఇంజనీరుగా పెంచారు. ప్రాథమిక పాఠశాల దాటని మనిషి ఇంజనీరు హోదాకు వచ్చాడు.

ఈ కథలో ఒక చేదు అధ్యాయం కూడా ఉంది. మిమో అనే మరొక తంతి ఉద్యోగి ఐదు పాళ్ళ పద్ధతి మొదట తనదేనని కోర్టుకు వెళ్ళాడు. కోర్టు మొదట మిమోకు అనుకూలంగా తీర్పు ఇచ్చింది. తరువాత ఆ తీర్పు రద్దయింది, ఖర్చులు మిమోనే భరించవలసి వచ్చింది. మనసు చెదిరిన మిమో ప్రభుత్వాన్ని పెద్ద మొత్తమూ బిరుదూ అడిగాడు. ఆ కోరికలను పరిశీలించిన సంఘం తోసిపుచ్చింది. ఆ సంఘానికి పెద్ద అయిన జూల్ రేనో అనే అధికారిని మిమో తుపాకితో కాల్చి చంపాడు. రేనో ఆ యంత్రాన్ని కనిపెట్టినవాడు కాదు, దానివల్ల లాభపడినవాడూ కాదు. జీవిత చరిత్రలు రాసేవారు ఈ భాగాన్ని తరచు వదిలేస్తారు. వదిలేస్తే కొత్త వస్తువులన్నీ సాఫీగా వచ్చాయన్న భ్రమ కలుగుతుంది.

1887లో ఇంగ్లండు నుంచి ఐర్లండుకు సముద్రంలో వేసిన కేబులు మీద కూడా ఆయన యంత్రాన్ని పరీక్షించి విజయం సాధించారు. 1890 జనవరిలో, నలభై నాలుగేళ్ళ వయసులో, ఆయన పెళ్ళి చేసుకున్నాడు. మూడు నెలలు తిరగకుండానే భార్య చనిపోయింది. ఆ ఏడాది ఆగస్టులో ఆయన పారిస్ నుంచి వాన్, లోరియాన్ పట్టణాలను ఒకే తీగతో కలిపే పని పూర్తిచేశాడు. ఆ నాలుగు నెలలు ఆ మనిషి ఎలా గడిపాడో ఊహించడం తప్ప చేయగలిగింది లేదు.

1903 మార్చి 28న పారిస్ సమీపంలోని సో అనే పట్టణంలో ఎమీల్ బోడో కన్నుమూశాడు. వయసు యాభై ఏడు. ఆయన యంత్రాలు మాత్రం దేశదేశాలకు పాకాయి. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో భారతదేశపు పెద్ద తంతి కార్యాలయాల మధ్య కూడా అవి పనిచేశాయి. చిన్న ఊళ్ళలో మాత్రం మోర్స్ మీటలే నడిచాయి.

పేరు కొలతగా మారింది

తంతి ఒక దేశం నుంచి ఇంకొక దేశానికి పోతున్నప్పుడు రెండు దేశాల ఇంజనీర్లూ ఒకే కొలతతో మాట్లాడుకోవాలి. నిమిషానికి ఇన్ని మాటలు అంటే చాలదు. ఒక భాషలో మాట పొడుగు, ఇంకొక భాషలో పొట్టి. అక్షరాలన్నా చాలదు, పద్ధతిని బట్టి అక్షరానికి పట్టే పాళ్ళు మారతాయి. తీగకు తెలిసినది పాలు ఒక్కటే. కాబట్టి సెకనుకు ఎన్ని పాళ్ళు పోతాయో అదే అసలు కొలత. 1920లలో అంతర్జాతీయ తంతి నిపుణులు ఈ కొలతకు బోడో పేరు పెట్టారు. సెకనుకు ఒక పాలు అయితే ఒక బాడ్. ఫ్రెంచివారు ఆయన పేరును బోడో అని పలుకుతారు. ఇంగ్లీషు నోట పడి, తోక తెగి, అది మనకు బాడ్‌గా వచ్చింది.

మన తంతి కార్యాలయాలలో, పత్రికా కార్యాలయాలలో చాలాకాలం వాడిన టెలిప్రింటర్ బోడో ఐదు పాళ్ళ పద్ధతి నుంచి పుట్టినదే. టెలెక్సు వేగం 50 బాడ్. ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు. అక్షరానికి ఐదు పాళ్ళు కదా అని 50 ని 5 తో భాగించి, సెకనుకు 10 అక్షరాలు, నిమిషానికి 100 మాటలు అని రాసేస్తారు. టెలిప్రింటర్‌లో తిరిగే కుంచె లేదు. అందుకని ప్రతి అక్షరానికీ ముందు మొదలు అని చెప్పే ఒక పాలు, చివర ఆగు అని చెప్పే ఒకటిన్నర పాలు చేర్చాలి. ఐదుకు రెండున్నర కలిపితే ఏడున్నర. 50 ని ఏడున్నరతో భాగిస్తే సెకనుకు 6.67 అక్షరాలు, అంటే నిమిషానికి 400. దానిని 6 తో భాగిస్తే 67 మాటలకు కొంచెం తక్కువ. వంద మాటలు పోతాయని మాట ఇచ్చినవాడు మూడో వంతు మాట తప్పాడన్నమాట. ధాన్యం తూచేటప్పుడు గోనెసంచి బరువు తీసేయడం మరిచిపోతే జరిగేది కూడా ఇదే.

బాడ్, బిట్, బైట్

1948లో అమెరికా శాస్త్రజ్ఞుడు షానన్ సమాచారాన్ని కొలిచే సిద్ధాంతాన్ని ప్రకటించాడు. అవును, కాదు అనే రెండింటిలో ఒకటి చెప్పడానికి కావలసినంత సమాచారాన్ని బిట్ అన్నారు. బోడో మీట నొక్కి ఉందా, లేదా అన్నది ఒక బిట్. కాబట్టి ఆయన యంత్రంలో ఒక పాలుకు ఒక బిట్. బాడ్ అన్నా, సెకనుకు బిట్ అన్నా అక్కడ సంఖ్య ఒక్కటే.

ఎల్లప్పుడూ అలా ఉండదు. టెలిఫోను తీగ మీద కంప్యూటర్లను కలిపే మోడెంలు వచ్చాక, ఒక్క పాలులో రెండు స్థితులు కాక పదహారు స్థితులు పంపడం సాధ్యమైంది. రెండు రెళ్ళు నాలుగు, నాలుగు రెళ్ళు ఎనిమిది, ఎనిమిది రెళ్ళు పదహారు. అంటే ఒక్క పాలులో నాలుగు బిట్లు. 2,400 బాడ్ మోడెం ఈ లెక్కన సెకనుకు 9,600 బిట్లు పంపింది. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు టెలిఫోను మీద దొరికిన వేగం అదే, 9,600 బిట్లు.

ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్. దస్త్రాల పరిమాణాన్ని బైట్లలో చెబుతారు, తీగ వేగాన్ని బిట్లలో చెబుతారు. గందరగోళమంతా ఇక్కడే. వేయి బిట్లు ఒక కిలోబిట్, వేయి కిలోబిట్లు ఒక మెగాబిట్. తీగల వేగం చెప్పేటప్పుడు వేయి అంటే అచ్చంగా వేయే. కంప్యూటరు జ్ఞాపకశక్తి లెక్కలో మాత్రం కొందరు 1,024 ను కిలో అంటారు. ఆ అలవాటును తీగ లెక్కలోకి తీసుకురావద్దు.

ఒక పాఠశాలకు సెకనుకు 2 మెగాబిట్ల కనెక్షన్ ఇచ్చారు. 90 మెగాబైట్ల పాఠాన్ని దింపుకోవాలి. 90 ని 2 తో భాగించి 45 సెకన్లని చెబితే పిల్లలు ఎదురుచూస్తూ కూర్చుంటారు. ముందు 90 ని 8 తో హెచ్చించండి. 720 మెగాబిట్లు. ఇప్పుడు 2 తో భాగించండి. 360 సెకన్లు, ఆరు నిమిషాలు. తోడు వచ్చే అదనపు బిట్లను కలుపుకుంటే ఇంకొంచెం ఎక్కువే పడుతుంది.

ఇప్పుడు టెలిఫోను ఎక్స్‌ఛేంజిలోకి రండి. మన గొంతును బిట్లుగా మార్చడానికి సెకనుకు 8,000 సార్లు కొలుస్తారు. ప్రతి కొలతనూ 8 బిట్లలో రాస్తారు. 8,000 ను 8 తో హెచ్చిస్తే 64,000, అంటే 64 కిలోబిట్లు. ఇలాంటి 32 వంతులను ఒకే తీగ మీదకు ఎక్కించారు. 64 ను 32 తో హెచ్చించండి. 2,048 కిలోబిట్లు. దానిని వేయితో భాగిస్తే 2.048 మెగాబిట్లు. ఎనిమిదితో భాగిస్తే సెకనుకు 256 కిలోబైట్లు. మన దేశపు ఎక్స్‌ఛేంజీలను కలపడానికి విస్తారంగా వాడిన ప్రమాణం ఇది. 32 వంతులలో 30 మాత్రమే మాటలకు. ఒకటి రెండు చివరలూ అడుగు కలిపి నడవడానికి, ఇంకొకటి ఎవరు ఎవరిని పిలుస్తున్నారో చెప్పడానికి.

బోడో పళ్ళెం గుర్తుకు వచ్చిందా? అక్కడా వంతులే, అక్కడా అడుగు కలపడానికి విడిచిన గడులే. ఆయన కుంచె సెకనుకు మూడు సార్లు తిరిగింది. ఇక్కడ కంటికి కనిపించని కుంచె 8,000 సార్లు తిరుగుతున్నది.

మీరే చేసి చూడండి

1. బోడో యంత్రం మీద కొత్తగా చేరిన ఉద్యోగి నిమిషానికి 20 మాటలే పంపుతున్నాడు. అతని వేగం ఎన్ని బాడ్‌లు?

2. ఒక టెలిప్రింటర్ వేగం 75 బాడ్. అక్షరానికి ఏడున్నర పాళ్ళు. నిమిషానికి ఎన్ని మాటలు?

3. రెండు పట్టణాల మధ్య ఒకేసారి 75 మంది మాట్లాడుకునే ఏర్పాటు చేయాలి. 2,048 కిలోబిట్ల తీగలు ఎన్ని కావాలి? వాటి మొత్తం వేగం ఎన్ని మెగాబిట్లు?

4. సెకనుకు 8 మెగాబిట్ల తీగ మీద 120 మెగాబైట్ల దస్త్రం రావడానికి కనీసం ఎంతసేపు పడుతుంది?

జవాబులు: మొదటి దానికి 10 బాడ్‌లు. రెండో దానికి 100 మాటలు. మూడో దానిలో 75 ను 30 తో భాగిస్తే రెండున్నర వస్తుంది, కాబట్టి మూడు తీగలు, మొత్తం 6.144 మెగాబిట్లు. మీకు రెండున్నర తీగలు అని గాని, 75 ను 32 తో భాగించిన సంఖ్య గాని వచ్చి ఉంటే ఎక్స్‌ఛేంజి భాగాన్ని మరొకసారి చదవండి. నాలుగో దానికి రెండు నిమిషాలు. 15 సెకన్లని వచ్చినవారు బైట్లను బిట్లలోకి మార్చడం మరిచిపోయారు.